మజ్‌బూత్ ఉత్తరం

ఏటా మే నెల ఎప్పుడు గడుస్తుందా అని చూస్తాను. పోర్ట్ బ్లెయిర్‌లో నేను పాఠాలు చెప్పే స్కూల్లో పన్నెండో తరగతి పూర్తయిన పిల్లలు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర వరుస కడతారు. "మేడమ్, కాలేజీకి రికమెండేషన్ లెటర్ కావాలి. కొంచెం స్ట్రాంగ్‌గా రాయండి మేడమ్." ఆ స్ట్రాంగ్ అన్న మాట చెవిన పడగానే నాకు ముక్కిన పాత బట్టల వాసన వస్తుంది. ఎందుకో తర్వాత చెబుతాను.

రాయనని అనను. అడిగిన పిల్ల నా కళ్ళ ముందు చేసినవి నాలుగు ముక్కలు రాసి సంతకం పెడతాను. అందులో బలమేమీ ఉండదు. చదువుకుని మొహం మాడ్చుకుని వెళ్ళిపోతారు. సాయంత్రానికి తల్లులు ఫోన్ చేస్తారు. "ఇంకో రెండు మాటలు కలిపితే మీ సొమ్మేం పోతుంది మేడమ్?" అంటారు. నిజమే, నా సొమ్మేమీ పోదు. ఎవరి సొమ్ము పోతుందో నాకు బాగా తెలుసు, అందుకే కలపను.

సునామీ వచ్చినప్పుడు నేను పన్నెండో తరగతిలో ఉన్నాను. మా ఇల్లు ఈ ఊరి శివార్లో, గరాచర్మలో. నాన్నకి మిడిల్ పాయింట్‌లో పైపులు, కుళాయిలు అమ్మే చిన్న కొట్టు ఉండేది. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, గేటు దాటితే హిందీ, పుస్తకాల్లో ఇంగ్లీషు. తెలుగు గడగడా మాట్లాడతాను గానీ అప్పట్లో చదవడం సరిగా వచ్చేది కాదు. సినిమా పోస్టర్లూ, అమ్మ వంటింట్లో తగిలించిన క్యాలెండర్లో పండగల పేర్లూ కూడబలుక్కునేదాన్ని. చేతిరాత ఇస్తే మాత్రం తెల్లమొహం వేసేదాన్ని. మా వీధిలో నా ఈడు పిల్లలందరిదీ అదే సంగతి, దానికి ఎవరమూ సిగ్గుపడలేదు.

ఆ డిసెంబరు ఆదివారం పొద్దున మాకు పోయింది ఒక ప్రహరీ గోడ, కొట్లో నాలుగు వాష్ బేసిన్లు. అంతే. అది చెప్పుకోవడానికి కూడా సిగ్గేసేంత తక్కువ. దక్షిణ దీవుల నుంచి షిప్పులు దిగుతున్న మనుషుల్ని మా స్కూల్లోనే పెట్టారు. సగం గదులు క్యాంపు, సగం గదులు క్లాసులు. నేను రెండు రోజులు వెళ్ళి టీ పోశాను. తడి బట్టలు, చీము, ఫినాయిలు కలిసిన వాసనకి తట్టుకోలేక మూడో రోజు మానేశాను. ఇందులో దాచేదేమీ లేదు, ఆ వయసులో నేను అంతటి దాన్నే.

క్యాంపులో దిగిన ఒక తెలుగు అమ్మాయి జనవరిలో మా క్లాసులో చేరింది. నా బెంచీలోనే కూర్చోబెట్టారు. దక్షిణాన ఉన్న హట్ బే నుంచి వచ్చింది. వాళ్ళ నాన్నకి అక్కడ జెట్టీ దగ్గర కిరాణా కొట్టు. ఆ పొద్దున ఆయన కొట్టు తెరవడానికి వెళ్ళాడు, మళ్ళీ కనబడలేదు. అమ్మా, ఈ అమ్మాయీ గుట్ట ఎక్కి బతికారు. తర్వాత మా ఊళ్ళోనే ప్రోతరాపూర్‌లో ఉన్న మేనమామ వాళ్ళని తన ఇంటికి తెచ్చుకున్నాడు.

ఈ అమ్మాయి క్యాంపులో చేసిన పని ఒకటుంది. షిప్పు వచ్చిన ప్రతిసారీ దిగినవాళ్ళ పేర్ల లిస్టు ఒకటి స్కూలుకి వచ్చేది. గేటు దగ్గర జనం ఎగబడేవాళ్ళు. ఈ అమ్మాయి బెంచీ ఎక్కి ఆ లిస్టు గట్టిగా చదివేది. హిందీలో, తెలుగులో, బెంగాలీలో ఎవరికి ఎలా చెప్తే అర్థమవుతుందో అలా చెప్పేది. పేరు వినబడ్డవాళ్ళు ఏడుస్తూ పరిగెత్తేవాళ్ళు. ఒకరోజు అడిగాను, "మీ నాన్న పేరు ఉందో లేదో ముందే చూసేసుకోవచ్చు కదా" అని. "సూడను. వరసలో వచ్చినప్పుడే సదువుతాను. ఆకరి పేరు దాకా ఉన్నాడనే కదా అనుకోవచ్చు" అంది. ఏ లిస్టులోనూ ఆయన పేరు రాలేదు.

పరీక్షలయ్యాక ఒక కబురు వచ్చింది. విశాఖ దగ్గర ఒక ట్రస్టు కాలేజీ వాళ్ళు దీవుల్లో ఉన్న తెలుగు పిల్లల్లో ఒకరికి డిగ్రీ సీటు, హాస్టలు, పుస్తకాలు అన్నీ ఉచితంగా ఇస్తారని. ఒకరికే. రెండు సిఫార్సు ఉత్తరాలు తెచ్చుకోవాలి. ఒకటి స్కూలు నుంచి, రెండోది అక్కడి తెలుగువాళ్ళలో పెద్దమనిషి ఎవరైనా తెలుగులో రాసినది. నాకు ఆ సీటు తప్ప ప్రపంచంలో ఇంకేమీ కనబడలేదు. దీవిలో ఉండిపోతే పైపుల కొట్లో కూర్చుంటాననీ, ఆ తర్వాత ఇంకో పైపుల కొట్టువాడికి ఇచ్చి పెళ్ళి చేస్తారనీ నా భయం.

స్కూలు ఉత్తరం సంగతి తేలిగ్గానే అయిపోయింది. ఆఫీసులో జిరాక్స్ తీసిన ఫారాలు కట్టగా ఉండేవి. పేరు దగ్గర ఖాళీ. 'నడవడిక సంతృప్తికరం' అని అందరికీ ఒకటే మాట. గుమాస్తా నా పేరు నింపి ముద్ర కొట్టి ఇచ్చాడు. మా వెనక వరసలో మాస్టారి మీదకి సుద్దముక్క విసిరిన వాడికీ అదే ఇచ్చాడు. కాబట్టి బలం ఏదైనా ఉంటే రెండో ఉత్తరంలోనే ఉండాలి.

తెలుగువాళ్ళకి పెద్దమనిషి అంటే అప్పట్లో ఒక కాంట్రాక్టరే. ఆయన లేనిదే పందిరి పడదు, పెళ్ళి కుదరదు. సునామీ తర్వాత మెయిన్‌ల్యాండ్ నుంచి తెలుగువాళ్ళు పంపిన సాయమంతా ఆయన ఇంటి ఆవరణలోనే దిగింది. నాన్నా నేనూ వెళ్ళేసరికి వరండా నిండా బస్తాలు. ఉన్ని స్వెట్టర్లు, మఫ్లర్లు, పెళ్ళికొడుకు వేసుకునే కోటు ఒకటి. ఈ ఉక్కలో స్వెట్టరు ఎవడు వేసుకుంటాడని పంపారో! వానకి తడిసి, ముక్కి, ఎలుకలు కొరికి కంపు కొడుతున్నాయి. మంచి దుప్పట్లు మాత్రం కంపు కొట్టడం లేదు. ఒకటి ఆయన కారు మీద కప్పి ఉంది, ఇంకోటి ఆయన కుక్క కింద పరిచి ఉంది.

గంటన్నర కూర్చోబెట్టాక బనీనుతో బయటికి వచ్చాడు. నాన్న లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. కొట్లో ఎవరికీ లొంగని మనిషి, అలా చేతులు కట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"బోలో. బేటీకి లెటరా? సునామీలో మీకేం నుక్సాన్ అయింది?"

"దేవుడి దయ వల్ల మాకేటీ పోలేదు సార్. పెహరీ గోడ పడిపోనాది, అంతే."

"గోడా?" ఆయన నవ్వాడు. "అరే భాయ్, గోడ పడిపోయిందంటే సీటు ఎవడిస్తాడు? లెటర్ మజ్‌బూత్‌గా, గట్టిగా ఉండాలి. చదివినవాడు రోనా చాహియే. సమ్‌ఝే?"

నాన్న తల ఊపాడు. తర్వాత పెద్దాయన ఒక దుప్పటి తెప్పించి నా చేతికిచ్చి, తోటపని చేసే ముసలాయన్ని ఎదురుగా నిలబెట్టాడు. నేను ఆయనకి దుప్పటి ఇస్తున్నట్టు ఫోటో తీశారు. ఉత్తరానికి జత చేయడానికట. ఫోటో అయ్యాక తోటమాలి ఆ దుప్పటిని మడతపెట్టి మళ్ళీ బస్తాలో పెట్టేశాడు. ఎవరూ ఏమీ చెప్పలేదు, తనకి అలవాటే అన్నట్టు పెట్టేశాడు.

"జా బేటీ, పీఛే రైటర్‌గారు ఉంటారు. ఆయనకి చెప్పు. నేను దస్తఖత్ చేస్తా, బస్."

ఇక్కడి పద్ధతి చెప్పాలి. పెద్దాయన హిందీలో చదువుకున్నవాడు, తెలుగు ఒక్క అక్షరం చదవలేడు. దీవిలో తెలుగు రాత అంతా ఆ రైటర్‌గారి చేతి మీదే నడిచేది. ఎప్పుడో టెక్కలి దగ్గర నుంచి వచ్చిన ముసలాయన. శుభలేఖలు, గుడి ఆహ్వానాలు, ఊళ్ళో బంధువులకి ఉత్తరాలు అన్నీ ఆయనే గొలుసుకట్టుగా రాసేవాడు. రాయించుకునేవాళ్ళకి చదవడం రాదు, సంతకం పెట్టేవాళ్ళకీ రాదు. ఆయన ఏం రాస్తే అదే మేము చెప్పినట్టు. ఇన్నేళ్ళలో ఎవరికీ అందులో తప్పు కనబడలేదు. కనబడటానికి చదివినవాడెవడు?

వెనక రేకుల షెడ్డులో బస్తాల మధ్య బల్ల వేసుకుని కూర్చున్నాడు. నాన్న ముందు వరండాలోనే ఆగిపోయాడు. నేనొక్కదాన్నే లోపలికెళ్ళాను.

"సెప్పు తల్లీ. సునామీల నువ్వేటి సేసేవు?"

"టీ పోశానండి."

కలం కాగితానికి ఆనించినవాడల్లా ఆగాడు. "టీ అందరూ పోస్తారమ్మా. ఇంకేటి?"

ఇంకేమీ లేదు. బయట ఇంకా ఇద్దరు ముగ్గురు కాచుకుని ఉన్నారు. నా సీటు ఆ షెడ్డులోనే జారిపోతున్నట్టనిపించింది. నోరు దానంతట అదే కదిలింది అనను, నేనే కదిపాను. "లిస్టు చదివానండి. షిప్పు వచ్చినప్పుడల్లా గేటు దగ్గర బెంచీ ఎక్కి..." అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. బెంగాలీతో సహా. ఆఖరి పేరు దాకా ముందు చూసుకునేదాన్ని కాదని కూడా చెప్పాను. కలం పరిగెత్తింది.

ఉన్నట్టుండి ఆయన తలెత్తాడు. "ముందు సూసుకోకపోవడమేటి తల్లీ? నీవోళ్ళెవలైనా రావాలేటి అందులోన?"

లేదు అనాలి. ఒక్క మాట. నేను తల దించుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అయ్యో, నాన్నా?" అన్నాడు. నేను తల ఎత్తలేదు. "తెలిసిందిలే తల్లీ" అని ఇంకో నాలుగు లైన్లు రాశాడు.

ఆ నాలుగు లైన్లలో ఏముందని నేను అడగలేదు. నాకు చదవడం రాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ రాకపోవడం ఆ రోజు నాకెంత సుఖంగా ఉందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది. పెద్దాయన చూడకుండానే హిందీలో సంతకం గీకాడు. నాన్న దాన్ని రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నాడు. నాన్నకి తెలుగు కొంచెం చదవడం వచ్చు గానీ, కవరు అంటించేసి ఇచ్చారు.

ఇంటర్వ్యూకి జూన్‌లో విశాఖ షిప్పు ఎక్కాం. నేనూ నాన్నా. హట్ బే అమ్మాయీ వాళ్ళ మేనమామా కూడా అదే షిప్పులో వచ్చారు. తనూ దరఖాస్తు పెట్టింది మరి. రెండో రోజు డెక్ మీద రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఉంటే తను వచ్చి పక్కన చేరింది.

"నీకు లెటర్ బాగా రాసేడా రైటర్‌గారు?" అంది.

"ఏమో."

"నాకు ఏటీ రాయనేదే. లిస్టు సంగతి, నాన్న సంగతి అన్నీ సెప్పేను. ఆయనేమో, ఈ కత మొన్ననే ఒకమ్మాయికి రాసీసేను, మళ్ళీ అదే రాస్తే పెద్దాయన పరువు పోద్దన్నాడు. మంచి పిల్ల అని రెండు లైన్లు రాసి ఇచ్చేసేడు." కాసేపు సముద్రం వంక చూసింది. "నాలాటిది ఇంకోతి ఉందన్నమాట క్యాంపులోన. నేను సూడనేదు. పాపం, దానికీ నాన్న లేడు గావాల."

నేను ఊఁ అన్నాను. చెప్పేయడానికి ఇంకా రెండు రోజుల సముద్రం ఉంది. చెప్పలేదు. సముద్రం పడట్లేదని చెప్పి బెర్తు మీద పడుకున్నాను. ఆ అమ్మాయి నాకోసం నిమ్మకాయ కోసి తెచ్చింది.

కాలేజీలో ముందు నన్ను పిలిచారు. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో తెల్ల పంచె కట్టుకున్న ఒకాయన, పక్కన ఒక మేడమ్, ఇంకో లెక్చరరు. తెల్లపంచె ఆయన కవరు చించి ఉత్తరం చదువుకున్నాడు. చదువుతుంటే ఆయన మొహం మారింది. తర్వాత దాన్ని నా ముందుకి జరిపాడు.

"దీవుల్లో మన పిల్లలు తెలుగు మర్చిపోతున్నారంటారు. ఏదీ, నువ్వు చదువు తల్లీ, విందాం."

నా గురించి రాసిన ఉత్తరం నేను మొదటిసారి చదివింది అక్కడే. గొలుసుకట్టు. ఒక్కో అక్షరాన్నీ పట్టుకుని వేలాడుతూ చదివాను. 'ఈ చిరంజీవి... సునామీ... మహా... విపత్తులో...' బెంచీ వచ్చింది, లిస్టు వచ్చింది. తర్వాత 'తన... కన్న... తండ్రిని... పోగొట్టు...' దగ్గర ఆగిపోయాను. అక్షరాలు తెలిసిపోయాయి. నేను చదవలేక ఆగానని వాళ్ళనుకోలేదు, ఏడుపుతో ఆగాననుకున్నారు. మేడమ్ లేచి వచ్చి నా తల నిమిరింది. "చాలమ్మా, చాలు" అంది. తెల్లపంచె ఆయన కళ్ళొత్తుకున్నాడు. చదివినవాడు ఏడవాలన్న కాంట్రాక్టరు మాట నిలబడింది.

"నీతో ఎవరొచ్చారు తల్లీ?"

తలుపు తెరిచే ఉంది. నాన్న వరండాలో స్తంభం పక్కన నిలబడి, కాలేజీ కుళాయి ఏ కంపెనీదో వంగి చూస్తున్నాడు.

"మామయ్యండి" అన్నాను.

మేడమ్ నాన్నని లోపలికి పిలిచింది. "మీ మేనకోడల్ని సముద్రం దాటించి తీసుకొచ్చారు. కన్నతండ్రి ఉన్నా ఇంతకంటే ఏం చేస్తాడండీ" అంది. నాన్నకి అర్థం కాలేదు. నా వంక చూశాడు. నేను నేల చూశాను. బల్ల మీద ఉత్తరం తెరిచి ఉంది. అది చూశాడు. ఎంతసేపు చూశాడో తెలియదు.

"నాదేటుందండి. నా బాద్దెతండి" అని దండం పెట్టాడు.

తర్వాత హట్ బే అమ్మాయి వెళ్ళింది. ఆమె మేనమామ బయట బెంచీ మీద కూర్చుని బీడీ వెతుక్కుంటున్నాడు. నాన్న టీ తెస్తానని వెళ్ళాడు. పది నిమిషాలు కూడా కాలేదు, అమ్మాయి బయటికి వచ్చేసింది. మొహం ఎర్రగా ఉంది గానీ ఏడవడం లేదు. నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"మా నాన్న సంగతి సెప్పేను. నీ ఉత్తరంలో ఆ ముక్క లేదే అన్నారు. లిస్టు సంగతి సెప్పేను. ఇందాకొచ్చిన పిల్ల సెప్పింది బయట కూకుని ఇన్నావా అన్నారు. నాన్న పోయినట్టు సర్టిఫికెట్ సూపించమన్నారు. మనిసి దొరకనోడికి సర్టిఫికెట్ ఇంకా ఇయ్యలేదన్నాను. ఆ తెల్లపంచె ఆయన, పరాయివాళ్ళ దుఃఖంతో తెలివి చూపించకూడదమ్మా అన్నాడు."

వెనక నాన్న మూడు టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. ఆ అమ్మాయి నాన్న వంక చూసింది, నా వంక చూసింది.

"నీకు మీ నాన్న ఉన్నాడు గదే" అంది. "మా నాన్న నీకెందుకు?"

కోపంగా కూడా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. నాన్న టీ గ్లాసు ఆమె ముందుకి చాపాడు. ఆమె తీసుకోలేదు, మేనమామ చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది. అప్పుడైనా నేను లోపలికి వెళ్ళి ఉండవచ్చు. ఆ గది తలుపు నాకు పది అడుగుల దూరంలో ఉంది. వెళ్ళలేదు. నాన్న వెళ్తాడేమో అనుకున్నాను. నాన్న నేను వెళ్తాననుకున్నాడేమో. ఇద్దరం టీ తాగాం. మూడో గ్లాసు బెంచీ మీద చల్లారిపోయింది.

ఇప్పుడు ఆ అమ్మాయి ఏం చేస్తోందో నాకు తెలియదు. ఇంత చిన్న దీవిలో తెలియకుండా ఉండాలంటే కొంచెం కష్టపడాలి, నేను కష్టపడ్డాను. ప్రోతరాపూర్ మీదుగా బస్సులో పోవాల్సి వస్తే, స్టాపు రాని వైపు సీట్లో కూర్చుంటాను. రైటర్‌గారు పోయారు. కాంట్రాక్టరుకి ఇప్పుడు మూడు కార్లు, దుప్పట్లు మాత్రం మారి ఉంటాయి.

సీటు నాకే వచ్చింది. చేరే రోజు ఆఫీసు కిటికీ దగ్గర ఫారం ఇచ్చారు. నా పేరు, ఊరు రాశాను. 'తండ్రి పేరు' అన్న గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. కిటికీ లోపల గుమాస్తా తొందరపెడుతున్నాడు. నాన్న నా చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. కొట్లో రసీదు రాసేటప్పుడు పెట్టుకునే కళ్ళజోడు పెట్టుకుని, ఆ గడిలో తన పేరు గుండ్రంగా రాశాడు. తర్వాత దాని ముందు మిగిలిన కొంచెం జాగాలో 'లేట్' అని ఇరికించి రాశాడు. కింద 'సంరక్షకుడు - మేనమామ' అన్న చోట అమ్మ వాళ్ళ అన్నయ్య పేరు రాసి, ఆ పేరుతోనే సంతకం చేశాడు.

ఫారం నా ముందు పెట్టి అడిగాడు, "సూడమ్మా. సరిపోద్దా?"

ఈసారి అక్షరాలన్నీ చదవగలిగాను. సరిపోతుంది అన్నాను.